సిగ్నల్ ముందు చెప్పేదెవరు?

బండి వంతెన మధ్యలో ఉండగా టీవీ ఆపేసింది టైంటేబులమ్మ.

ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో భర్త చూస్తున్నదాన్ని మధ్యలో ఆపిన పాపాన పోలేదావిడ. అందుకే డ్రైవరు గారికి ముందు కోపం కూడా రాలేదు. కరెంటు పోయిందనుకుని ఫ్యాను వంక చూశారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తల దించి చూస్తే రిమోటు గుప్పిట్లో బిగించి పట్టుకుని భార్య ఎదురుగా నిలబడి ఉంది.

"రేపు మీరు డ్యూటీ ఎక్కడానికి వీల్లేదండీ," అంది. గొంతు వణకలేదు. కళ్ళు మాత్రం నిండిపోయాయి.

నోట్లో నాలుక లేదని పేరు తెచ్చుకున్న మనిషి అంత మాట ఎలా అనగలిగిందో తెలియాలంటే నలభై రోజులు వెనక్కి వెళ్ళాలి.

డ్రైవరు గారు నడిపేది ప్రయాణికుల బండి. ఆయన ఎప్పుడు వెళితే అప్పుడు క్యారేజీ, ఎప్పుడు వస్తే అప్పుడు వేడినీళ్ళు. ఏ పేరంటానికి పిలిచినా "మావారి బండి చూసుకుని చెబుతానండీ" అనేది గనక వీధిలో వాళ్ళంతా కలిసి ఆవిడకు టైంటేబులమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడా నవ్వి ఊరుకుంది. ముప్పై ఏళ్ళు ఇంజను మెట్లు ఎక్కి దిగినా చిన్న గీత పడని డ్రైవరు గారు, ఒకనాటి మధ్యాహ్నం సొంత వాకిట్లో బకెట్టు తన్నుకుని పడి చీలమండ విరగ్గొట్టుకున్నారు. "దారిలో బకెట్టు పెట్టే బుద్ధి ఎవరిచ్చారు నీకు?" అని పడ్డచోటే కూర్చుని కేకలు వేశారు. నిజమే కాబోలు, నాదే తప్పు అని ఆవిడ కట్టు కట్టించుకొచ్చే దాకా ఏడ్చింది.

కాలికి కట్టుతో ఇంట్లో కూర్చున్న డ్రైవరుకి టీవీలో ఆస్ట్రేలియా రైళ్ళు దొరికాయి. అక్కడెవరో డ్రైవరు ఇంజను అద్దం దగ్గర కెమెరా పెట్టి మొత్తం ప్రయాణం తీస్తాడట. పాట లేదు, మాట లేదు. మూడు గంటలు పట్టాలే పట్టాలు! "జీవితమంతా పట్టాలు చూసింది చాలక ఇంట్లో కూడానా?" అని ఆవిడ మూతి ముడుచుకుంది. ఆయన చెవిన వేసుకోలేదు. ఆవిడ చూసే సీరియల్లో కోడలు విషం తాగిందో పారబోసిందో ఈనాటికీ తేలలేదు.

మూడో రోజున ఆయనే పిలిచారు. "ఇలా వచ్చి కూర్చో. అసిస్టెంటు లేకుండా బండి కదలకూడదు."

సోఫాలో ఎడమ చివర ఆయన, కుడి చివర ఆవిడ. సిగ్నల్ కనబడగానే డ్రైవరు వేలితో చూపించి రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు కూడా చూసి మళ్ళీ చెప్పాలి. ఇంజనులో ప్రతి సిగ్నల్ దగ్గరా జరిగే పనే ఇది. "నేనన్నానని నువ్వనకూడదు. నీ కంటితో చూసి చెప్పు. చూడనిది చెప్పకూడదు," అని పదిసార్లు నేర్పారు. ఆయన "గ్రీన్" అంటే, కూరగాయలు తరుగుతూనే తలెత్తి చూసి "గ్రీన్" అనేది.

రెండు రోజులు అలా తరుగుతూ చూసింది. మూడోనాడు చాకు పక్కన పెట్టేసింది. బెరడు ఊడిపోయి తెల్లగా నిలబడ్డ నీలగిరి చెట్లు, ఎర్రటి నేల, కొండ చుట్టూ చుట్టుకుంటూ దిగే పట్టాలు... సొరంగంలోంచి బయటపడితే ఒక పక్కంతా సముద్రం... పట్టాల పక్కన చేతులు ముడుచుకుని, పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడి చూసే కంగారూలు! కొండ దిగుతున్నంతసేపూ ఆయన మాట్లాడేవారు కాదు. కట్టు కట్టిన కాలితోనే లేని బ్రేకు మీద ఒత్తేవారు. ఇంజనులోకి ఇంటివాళ్ళను ఎక్కనివ్వరు. క్యారేజీ చేతికిచ్చి గేటు దగ్గర నిలబడటమే గానీ, ఆ తరవాత ఆయన ఎక్కడికి పోతారో, ఏం చూస్తారో ఆవిడకు ఎప్పుడూ తెలియలేదు. ఇన్ని వంపులు, ఇన్ని దీపాలు, వెనకాల ఇంతమంది ప్రాణాలు... ఇంత బరువు మోసి వచ్చిన మనిషిని, కూరలో ఉప్పెక్కువైందని అన్నందుకు ఎన్నిసార్లు మనసులో తిట్టుకుందో గుర్తొచ్చి ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నిజం చెప్పాలంటే, పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ పక్కపక్కన ఇన్నాళ్ళు కూర్చున్నది ఆ సోఫాలోనే.

అయిదో వారానికి పాతవన్నీ పదేసిసార్లు చూసేశారు. కొత్త ప్రయాణం పెట్టారు. వాన పడుతోంది, ఆకాశం మబ్బుగా ఉంది. సిగ్నల్ వచ్చింది. డ్రైవరు గారు వేలు ఎత్తలేదు.

"ఎల్లో," అంది ఆవిడ ఉండబట్టలేక.

"ఎల్లో," అన్నారు వెంటనే. "ఇకనుంచి నువ్వే ముందు చెప్పు. ఎంత బాగా చూస్తున్నావో నాకూ తెలియాలి కదా."

ఆవిడ పొంగిపోయింది. ఆ పొంగు ఒక్కపూట నిలిచింది. సాయంత్రం, పసిబిడ్డతో పుట్టింటికి వచ్చిన కూతురు లోపలినుంచి ఏదో అడిగితే ఆవిడ తల తిప్పి జవాబు చెబుతోంది. ఇంతలో తెర మీద సిగ్నల్ వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపటికి ఆయనే నెమ్మదిగా "గ్రీన్" అన్నారు. బండి మాత్రం వేగం తగ్గి, తగ్గి, ఆగిపోయింది.

"ఎందుకాపాడు వీడు?" అన్నారు డ్రైవరు గారు.

ఆయన మొహం కడుక్కోవడానికి లేచాక ఆవిడ వెనక్కి జరిపి చూసింది. రెడ్! కుంకుమ బొట్టంత స్పష్టంగా రెడ్.

పొరపాటు పడ్డారేమో, కాలి నొప్పేమో అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మర్నాడు సొరంగం దాటాక ఎల్లో కనబడింది. గుండె చిక్కబట్టుకుని, వేలు చూపించి "గ్రీన్" అంది. కాపురానికి వచ్చాక మొగుడితో ఆడిన మొదటి అబద్ధం అదే.

"గ్రీన్," అన్నారాయన తాపీగా.

వాకిట్లో ఆయన తన్నుకున్న బకెట్టు కళ్ళముందు మెదిలింది. ఎర్ర బకెట్టు. ఎప్పుడూ ఉండే చోటే, కుళాయి పక్కనే, పట్టపగలు పన్నెండింటికి!

శనివారం ఆయన్ని చూడటానికి, ఇంజనులో ఆయన పక్కన కూర్చునే అసిస్టెంటు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి, ఆయనకి చెల్లెలి వరస పెట్టుకుంది. వంటింట్లో టీ కప్పు చేతికిస్తూ టైంటేబులమ్మ అడిగింది.

"ఇంజనులో సిగ్నల్ ముందు చెప్పేదెవరమ్మా?"

"అన్నయ్యే చెప్పాలి వదినా. రూలదే."

"రూలు కాదు నేనడిగింది. చెబుతున్నదెవరు?"

ఆ మనిషి కప్పు కింద పెట్టేసింది. "ఆరేడు నెలలనుంచీ నన్నే ముందు చెప్పమంటున్నారు. నన్ను డ్రైవరు పరీక్షకు తయారుచేస్తున్నారనుకున్నాను వదినా... సంతోషించాను కూడా." ఆ తరవాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఆదివారానికి కట్టు తీసేశారు. కాలు బాగుంది, సోమవారం డ్యూటీ ఎక్కవచ్చని చీటీ రాసిచ్చారు. కళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇంటికి వచ్చి హాయిగా టీవీ పెట్టుకున్నారు. బండి వంతెన ఎక్కింది. ఆవిడ ఆపేసింది.

"టీవీలో నాలుగు బండ్లు చూసి నా ఉద్యోగానికే వంక పెడుతున్నావా?" అని లేచారాయన.

"మొన్న సొరంగం దాటాక నేను గ్రీన్ అన్నాను. మీరూ గ్రీన్ అన్నారు. అది ఎల్లో అండీ. నేను కావాలని అబద్ధం చెప్పాను."

నిలబడ్డ మనిషి అలాగే కూర్చుండిపోయారు. "మొదట్లో అద్దానికే మురికనుకున్నాను. తుడిచేవాణ్ణి. తరవాత తరవాత... అద్దం కాదని తెలిసింది. ఎవరితో చెప్పుకోను? రిటైర్మెంటుకి ఇంకా పదహారు నెలలే ఉంది. ఆఖరి రోజు బండి దిగితే ప్లాట్‌ఫాం మీద అందరూ నిలబడి చప్పట్లు కొడతారు. అదొక్కటీ దక్కాలనుకున్నాను. ఇప్పుడు చెబితే షెడ్డులో ఓ మూల కుర్చీ వేసి గేటు చీటీలు రాయిస్తారు. బండి లేకపోతే నేనెవర్నే?"

"చప్పట్ల కోసం అంతమందిని చీకట్లో తీసుకెళతారా?" ఆవిడ ఏడుస్తూనే అడిగింది. అయినా మాట తడబడలేదు. "ఇన్నేళ్ళూ మీ బండి ఎటు పోతే నా పొద్దు అటు పోయింది. ఎన్నడూ ఏదీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. మీరు వెళ్ళి చెబుతారా, నన్ను వెళ్ళి చెప్పమంటారా?"

"మొగుడి ఉద్యోగం ఊడగొట్టేదానివయ్యావా నువ్వు?"

"మీరు నేర్పిందేనండీ. చూడనిది చెప్పకూడదన్నారు. నేను చూశాను. చెప్పాను."

గది గుమ్మంలో బిడ్డను భుజానేసుకుని కూతురు నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. డ్రైవరు గారు అటు చూసి, ఏదో ఒకటి అనాలి గనక, "రేపు అత్తారింటికి వెళుతున్నావు కదమ్మా... ఏ పెట్టె?" అన్నారు.

"మీ బండయితే ఎప్పుడూ మొదటి పెట్టే కదా నాన్నా."

ఆయన లేచి వెళ్ళి బిడ్డను తన భుజం మీదకు తీసుకున్నారు.

సోమవారం పొద్దున యూనిఫాం వేసుకుని, సంచీ తీసుకుని బయల్దేరారు. వీధి చివర ఎడమకు తిరిగితే డ్యూటీ గది, కుడికి తిరిగితే ఆస్పత్రి. ఆవిడ క్యారేజీ చేతికిచ్చింది గానీ, ఎన్నడూ లేనిది, గేటు దాకా వెళ్ళలేదు. వెళ్ళి చూస్తే అది కాపలా కాసినట్టవుతుంది. ఆయన సంగతి ఆవిడకు తెలుసు.

"అమ్మా, నాన్న చెబుతారంటావా?" అని అడిగింది కూతురు, బిడ్డ బట్టలు సర్దుతూ.

"చెబుతారు. మొదటి పెట్టెలోనే కూర్చో."

ఊరి చివర మలుపులో ఆయన బండి కూత పొడుగ్గా ఉంటుంది. ఇంటికి వినబడాలని అలా నొక్కేవారు. కూతుర్ని స్టేషనుకు పంపించాక, తొమ్మిదీ నలభైకి ఆవిడ పొయ్యి కట్టేసి, వంటింటి గట్టు పట్టుకుని నిలబడింది. కూత వినబడింది. పొట్టిగా, ఎవరిదో పరాయి కూత. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, బరువు దిగిందో బంగారం పోయిందో తెలియక వెక్కివెక్కి ఏడ్చింది. తరవాత లేచి, మొహం కడుక్కుని, ఆయనకు వేడినీళ్ళు పెట్టింది.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. సంచీ ఎప్పుడూ పెట్టే మేకుకి తగిలించారు.

"రెండు కళ్ళకీ పొర. తీయించేస్తే చూపు మెరుగవుతుందట. బండి మాత్రం ఇక ఇవ్వరు," అన్నారు. "డాక్టరు గోడ మీద దీపం వెలిగించి ఏం రంగని అడిగాడు. నువ్వు లేవుగా పక్కన... కనబడలేదు అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదే."

"ఎంత కష్టమైందో..." అంటూ ఆవిడ ఆయన చేతిలోంచి క్యారేజీ అందుకుంది.

"అనేదాకానే కష్టం," అన్నారాయన. "మా అసిస్టెంటు, అదే మీ ఆడపడుచు, ఫోన్ చేసింది. పరీక్షకు రోజూ మనింటికొచ్చి చదువుకుంటుందట. ఈసారి నిజంగానే తయారుచెయ్యాలి."

భోజనం అయ్యాక వెళ్ళి సోఫాలో కూర్చున్నారు. కుడి చివర.

"అది నా చోటండీ," అంది ఆవిడ.

"తెలుసు. నువ్వటు కూర్చో."

ఆవిడ మొహమాటపడుతూనే ఎడమ చివర కూర్చుని రిమోటు నొక్కింది. నిన్నటినుంచీ వంతెన మధ్యలో ఆగిపోయిన బండి కదిలింది. కింద నది, దూరంగా తెల్ల చెట్లు. వంతెన చివర సిగ్నల్ కనబడింది. ఆవిడ వేలు ఎత్తింది.

"గ్రీన్."

డ్రైవరు గారు ముందుకు వంగి, కళ్ళు చికిలించి, నిజంగానే చూశారు.

"నాకు కనబడలేదు," అన్నారు.

"నాకు కనబడింది."

"అయితే పోనీ," అని ఆయన వెనక్కి వాలి కూర్చున్నారు. బండి వంతెన దాటింది.