మడి విడిచిన పూట

ధనుర్మాసంలో శృంగవరపుకోట చుట్టుపక్కల తెల్లవారడానికి మహా బద్ధకం. కొండల మీంచి దిగిన మంచు ఇళ్ళ మధ్య చతికిలబడి, పొద్దెక్కినా లేవనంటుంది. ఆ మంచులోనే వేణుగోపాలస్వామి గుడిగంట మోగుతుంది. ఆ మంచులోనే కొండ ఎక్కే గూడ్సుబండి కూత పెట్టుకుంటూ పోతుంది. వీధివైపు గదిలో టేకుబల్ల మీద పడుకున్న అలివేలుమంగకి గంట ముందు మోగిందో, బండి ముందు పోయిందో తెలిసేది కాదు. అది నిద్రా కాదు, మెలకువా కాదు. ఒళ్ళు బల్లని వదిలి జానెడెత్తున తేలుతున్నట్టుండేది. అప్పుడు ఆవిడకి భర్త కనిపించేవాడు.

లక్ష్మీనరసింహాచార్యులు బతికున్నన్నాళ్ళూ ఆ గుడి అర్చకుడు. కలలో కూడా ఆయనకి అదే పని. స్వామికి స్నానం చేయించేవాడు, మెత్తటి పంచెతో ఒళ్ళు అద్దేవాడు, చెవి వెనక తడి మిగిలిందేమోనని వేలితో తడిమి చూసేవాడు. రాతివిగ్రహానికి జలుబు చేస్తుందా అని ఆవిడ వేళాకోళం చేసేది. ఆయన పలికేవాడు కాదు. పని మధ్యలో మాట్లాడడం ఆయనకి మొదట్నించీ గిట్టదు.

ఆయన పోయాక అర్చకత్వం కొడుకు గురుప్రసాద్‌కి వచ్చింది. ఇంటి మడి మాత్రం అలివేలుమంగ చేతిలోనే ఉండిపోయింది. ఆ మడి సంగతి ఊరందరికీ తెలుసు. పాలు పోసే అమ్మడు గడప ఇవతలే నిలబడి, ఎత్తునుంచి చెంబులోకి ధార పొయ్యాలి. కోడలు పార్వతికి ఈ ఇంట్లో కాపురానికి వచ్చి పాతికేళ్ళవుతున్నా, అత్తగారి దగ్గరికి వెళ్ళేముందు తన చీర తనే ఓసారి అనుమానంగా చూసుకుంటుంది. ధనుర్మాసమంతా స్వామి పొంగలి ఈ ఇంట్లోనే వండాలి కనక ఆ నెల మడి మరీ బిగుస్తుంది.

ఆషాఢంలో నూతి దగ్గర జారిపడి ఆవిడ తుంటి విరిగింది. విజయనగరంలో ఆపరేషను చేసి, మెత్తటి పరుపు మీద పడుకోబెట్టమని, పక్కలు మారుస్తూ ఉండమని, మెల్లగా నడిపించమని చెప్పి పంపారు. ఇంటికి వచ్చిన రోజునే ఆవిడ మూడింటినీ కొట్టిపారేసింది. నడిస్తే ప్రాణం పోతోంది. దూదిపరుపు మడికి పనికిరాదు. పక్కలు మార్చడమంటే రోజంతా ఎవరో ఒకరు వచ్చి ముట్టుకోవడమేగా. బల్ల మీద కంబళి పరిపించుకుంది, కంబళికి మైల అంటదు కనక. పొద్దున్నా సాయంత్రం పార్వతి బేసినూ నీళ్ళూ మడిచీరా అందించేది, అదీ మొహం అటు తిప్పుకుని. తక్కినదంతా ఆవిడ తనే కిందా మీదా పడి చూసుకునేది. ఆ తరవాత ఆవిడ ఒంటి మీద ఎవరి చెయ్యీ పడేది కాదు. అందరికీ ఆవిడంటే అంత గౌరవం మరి.

కొన్నాళ్ళుగా నడుం కింద చెమ్మగా ఉంటోంది. చెమట అనుకుంది. మండుతుంటే కంబళి గరుకు అనుకుంది. విడిచిన చీరకి అంటిన మరకని పార్వతి కంట పడకుండా బేసిన్లో తనే పిండేసేది. ఎవరికైనా చెప్తే మళ్ళీ ఆస్పత్రి అంటారు, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు మళ్ళీ చీర తొలగించాలి. అంతకంటే చావు నయమనిపించేది ఆవిడకి. సాంబ్రాణి కాస్త ఎక్కువ వెయ్యమని కోడలికి చెప్పి, కళ్ళు మూసుకుని మంచులోకి వెళ్ళిపోయేది.

మనవరాలు తన్మయి ఆ విజయనగరంలోనే నర్సింగు డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. అర్చకుల ఇంటి పిల్ల నర్సు కావడమేమిటని మొదట్లో ఇంట్లో పెద్ద రగడే జరిగింది. రిజిస్టర్డు నర్సయితే తన కాళ్ళ మీద తను నిలబడుతుందని పార్వతి, జన్మలో మొదటిసారి, మొండికేసి ఒప్పించింది. అలివేలుమంగ ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు, షరతులు పెట్టింది. పిల్ల సెలవులకి వస్తే సంచి వీధరుగు మీదే ఉండాలి. నూతి దగ్గర తలంటుకున్నాకే లోపలికి రావాలి. మామ్మ గది గడప మాత్రం దాటకూడదు. తన్మయి ఆ షరతులన్నీ నవ్వుతూనే మోసింది. గుమ్మంలో చతికిలబడి, వార్డు కబుర్లన్నీ అక్కణ్ణించే చెప్పేది. మొహం చిట్లించుకుంటూనే మామ్మ అన్నీ వినేది.

ఈసారి పిల్ల క్రిస్మస్ సెలవులకి వచ్చేసరికి ఇంట్లో ఏదో కంపు. ఎలక చచ్చిందేమోనని అటకంతా దింపి వెతికారు. ఏమీ దొరకలేదు. పొంగలి కోసం వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం పార్వతి చూసింది. ఒక రోజు పొద్దున్న ప్రసాదం పంచడం అయ్యాక గుడి కమిటీ పెద్ద కూర్మయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచివాడే. చెడ్డమాట చెప్పవలసి వస్తే మాత్రం ముందు తువ్వాలుతో మొహమంతా తుడుచుకుంటాడు.

"నానేటో అన్నానని అనుకోకండి ఆచార్లుగారూ. పెసాదం తీసుకున్నోళ్ళు అనుకుంటన్నారు. మీ పాప ఆసుపత్రిలో సచ్చినోళ్ళని కూడా ముట్టుకుంటాదంట గదా. ఆ ఇంట్లో వండింది స్వామికి పెట్టడమేటని అడుగుతన్నారు. పాప సదువైనా మానాల, పొంగలి ఇంకో ఇంటికైనా మారాల. నన్నేటి సెప్పమంటారో మీరే సెప్పండి."

గర్భగుడిలో ఒక్క మంత్రం తప్పని గురుప్రసాద్, బయట ఎవరైనా గట్టిగా ఓ మాటంటే నోరు పెగల్చలేడు. మధ్యాహ్నం నైవేద్యం వేళకి ఏ సంగతీ చెప్తానని కూర్మయ్యని పంపించి, తిన్నగా తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ కిటికీలోంచి అంతా వింది.

"ఆలోచించడానికేవుందిరా? మూడు తరాలుగా ఈ ఇంటి పొంగలే స్వామికి వెళ్తోంది. పిల్లని మానిపించెయ్. ఈ శవం కంపు దాని సంచిదే, ఇంకెవరిది?"

ఆ మాట అనేశాక ఆవిడకి ప్రాణం కుదుటపడింది. కంపుకి ఓ సొంతదారు దొరికితే మిగతా వాళ్ళంతా నిశ్చింతగా ఊపిరి పీల్చుకోవచ్చు.

వంటింట్లోంచి తన్మయి అది వింది. అరుగు మీదికి వెళ్ళి, సంచిలోంచి తెల్ల యూనిఫాం తీసుకుని, గిరుక్కున తిరిగి వచ్చి మామ్మ గది గడప దాటేసింది. గురుప్రసాద్ అడ్డం రాబోయి ఆగిపోయాడు. "వాసన చూడు మామ్మా. చూసి చెప్పు," అంటూ మామ్మ మొహం మీదికి వంగింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. యూనిఫాం సబ్బు వాసన వేస్తోంది. అలివేలుమంగ తల తిప్పేసుకుంది.

కాని తన్మయి లేవలేదు. వంగినది వంగినట్టే ఉండిపోయింది. మరి కాస్త వంగి, కంబళి అంచు దగ్గర ఒక్కసారి గాలి పీల్చింది. ఆ మొహంలోంచి కోపం దిగిపోవడం అలివేలుమంగ చూసింది. దాని వెనకాల ఏం వచ్చిందో చూడడానికి ధైర్యం చాలక కళ్ళు మూసుకుంది.

నీళ్ళు మరగబెట్టమని తల్లికి చెప్పి, తండ్రిని బయటికి పంపి, తన్మయి తలుపు గడియ వేసింది. "ఎన్నాళ్ళైంది మామ్మా?" అంది, గొంతు తగ్గించి.

"ఏవిటే ఎన్నాళ్ళైంది? ముట్టుకోకు. మైల."

"పడనీ మైల. తరవాత నేనే కడుగుతాను. నీ చెయ్యి నా భుజం మీద వెయ్యి."

ఆ పిల్ల చేతుల్లో బలం అంతుంటుందని ఆవిడ అనుకోలేదు. ఎక్కడా లాగకుండా, కుదపకుండా మెల్లగా పక్కకి దొర్లించింది. వెనక ఊపిరి ఒక్కసారి ఆగి మళ్ళీ ఆడింది. అయ్యో అనలేదు. నడుం చివర చర్మం చంటిపిల్లాడి అరచేతి మేర తెరుచుకుని ఉంది. తన్మయి చేతులు శుభ్రంగా కడుక్కుని, మరిగి చల్లారిన ఉప్పునీళ్ళతో ఆ పుండుని కడగడం మొదలుపెట్టింది. కడిగి, అద్ది, మళ్ళీ కడిగింది. మాట్లాడలేదు. అలివేలుమంగ గోడవైపు చూస్తూ పడుకుంది. మంట తగ్గి, చల్లదనం పాకి, ఎప్పటి మంచో కళ్ళ మీదికి వచ్చేసింది. ఎవరో పని మధ్యలో మాట్లాడని మనిషి తనని స్వామిలాగ చూసుకుంటున్నాడు. తడి మిగిలిందేమోనని వేలితో తడిమి చూస్తున్నాడు. ఇన్ని నెలల్లో ఒక మనిషి చెయ్యి తన ఒంటి మీద పడడం ఇదే మొదలని గుర్తొచ్చి, ఆవిడకి ఏడుపొచ్చింది.

తన్మయి కట్టు కట్టి, కంబళి తీసేసి, తన దుప్పట్లన్నీ మడతపెట్టి మెత్తగా కిందకి తోసింది.

"నాన్నకి చెప్పకే," అంది అలివేలుమంగ గోడవైపే చూస్తూ. "ఆ కంపు నాదని ఊళ్ళో తెలిస్తే నేనింక తలెత్తలేను."

"కంపు సంగతి ఎవరికీ చెప్పను. డాక్టరుకి మాత్రం చూపించాల్సిందే మామ్మా, ఇది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. తుంటి చూపించడానికని చెప్పి రేపు తీసుకెళ్తాను."

"ఒట్టు వెయ్యి."

తన్మయి ఆవిడ చేతిలో చెయ్యి వేసింది.

మధ్యాహ్నం కూర్మయ్య చెప్పిన వేళకే వచ్చాడు. గురుప్రసాద్ పట్టుబట్ట కట్టుకుని, నైవేద్యం గిన్నె చేతిలో పట్టుకుని గుడికి బయల్దేరుతున్నాడు. కూతుర్ని పిలిచి, ఆ వాసన ఎక్కడిదో తేలిందా అని అడిగాడు. గదిలో అలివేలుమంగ కిటికీవైపు చెవి పెట్టింది.

"నా సంచిదే నాన్నా. తీసేసేను. ఇంక రాదు," అంది తన్మయి.

కూర్మయ్య తేలిగ్గా ఊపిరి వదిలి, మరి చదువు సంగతేమిటని అడిగాడు. సోమవారం నుంచి పిల్ల కాలేజీకి వెళ్ళదని గురుప్రసాద్ నేల చూస్తూ చెప్పాడు. లోపల పార్వతి ఏడుస్తోంది. ఇప్పుడైనా పిల్ల నోరు విప్పుతుందని అలివేలుమంగ ఎదురుచూసింది. విప్పలేదు. ఆ గడుగ్గాయి, చిన్నప్పుడు తాటితాండ్ర ముక్క కోసం కూడా ఇల్లెగరగొట్టిన పిల్ల, తన బతుకంతా చేతిలోంచి జారిపోతుంటే అక్కడ మౌనంగా నిలబడి ఉంది. ఒట్టు వేసింది కదా.

తను కోరుకున్నవన్నీ దక్కాయి అలివేలుమంగకి. పరువు దక్కింది, మడి దక్కింది, పొంగలి ఇంట్లోనే ఉంది. అయినా ఇంత పెద్ద వయసు వచ్చి ఆ పసిదాని భుజం మీద ఏం పెట్టానా అని సిగ్గేసింది. చీర తొలగించినప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

"గురూ," అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. "కూర్మయ్యని కూడా ఈ కిటికీ దగ్గరికి రమ్మను."

ఇద్దరూ వచ్చారు. తన్మయి పరుగున గుమ్మంలోకి వచ్చి, వద్దన్నట్టు తల ఊపింది. ఆవిడ ఆగలేదు.

"అది అబద్ధమాడుతోందిరా. ఆ కంపు దాని సంచిది కాదు, నాది. నా నడుం కుళ్ళిపోయింది. నేనే దాచేను. పొద్దున్న అది నన్ను కడిగి కట్టు కట్టింది. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. దాని చదువు పోయినా ఒట్టు తప్పలేదు." ఆయాసం తీర్చుకుంది. "సోమవారం అది కాలేజీకి వెళ్ళాలి. నాలాగ సిగ్గుపడి దాచుకునే వాళ్ళు ఎన్ని ఇళ్ళలో ఉన్నారో. వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి ఇలాంటిది ఒకత్తి ఉండాలి కదరా."

కూర్మయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు, ఈసారి కళ్ళ దగ్గరే ఎక్కువసేపు. "మాయమ్మ కూడా ఇలాగే ఎల్లిపోయినాదమ్మా. ఆకర్న గానీ మాకు తెల్లేదు," అన్నాడు. "పాపని సదవనీండి ఆచార్లుగారూ. ఊరికి నాను సెప్పుకుంటాను." చెప్పులు తొడుక్కుని మెల్లగా వెళ్ళిపోయాడు.

తన్మయి కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. మామ్మకి పక్క మార్చే వేళయిందని, రోజంతా ఇలాగే మారుస్తూ ఉండాలని, తను వెళ్ళిపోయాక ఎవరు చేస్తారో ఇప్పుడే వచ్చి నేర్చుకోవాలని అంది. పార్వతి గబగబా వచ్చింది. గురుప్రసాద్ గడప అవతలే నిలబడ్డాడు. ఒంటి మీద పట్టుబట్ట, చేతిలో స్వామి నైవేద్యం. ఇప్పుడు తల్లిని ముట్టుకుంటే ఆ అన్నం పనికిరాదు, ఆ బట్ట పనికిరాదు, మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టాలి. అర్చకుడయ్యాక ఇన్నేళ్ళలో ఆయన స్వామికి ఒక్క పూట కూడా వేళ తప్పించలేదు.

అలివేలుమంగ కొడుకువైపు చెయ్యి చాపింది. "రా నాన్నా," అంది.

గురుప్రసాద్ గిన్నెని నేల మీద పెట్టి లోపలికి వచ్చాడు. "అక్కడ కాదు నాన్నా, తుంటి కింద పెట్టు చెయ్యి. లాగకు, దొర్లించు," అని తన్మయి ఆయన చేతిని పట్టుకుని సరైన చోట పెట్టింది. తల్లి ఒళ్ళు ఇంత తేలికైపోయిందని తెలియని ఆ మనిషి, ఆవిడ భుజం మీద మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఆయన తల నిమురుతూ ఉండిపోయింది, మైల మాట ఎత్తలేదు.

తరవాత పార్వతి మళ్ళీ పొయ్యి రాజేసింది, గురుప్రసాద్ మళ్ళీ నూతి దగ్గరికి నడిచాడు. ఆ పూట స్వామికి నైవేద్యం పొద్దు వాలాక గాని అందలేదు.