మాట అందించే పిన్ని

ఏడాది చివరి సెలవులకి బాబాయి ఇంటికి వెళ్ళడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పెద్దయ్యాక మరో అలవాటు కూడా వచ్చింది. మెట్లెక్కేటప్పుడు నేనూ తమ్ముడూ గుసగుసగా పందెం వేసుకునేవాళ్ళం, ఈసారి బాబాయిలో ఏం తగ్గి ఉంటుందా అని. వినడానికి పాపిష్టి పనిలా ఉంటుంది కానీ, ఏడాదికోసారి చూసేవాళ్ళకే అలాంటివి కనిపిస్తాయి. ఒక ఏడాది ఆయన చేతిగడియారం మణికట్టు మీద నిలవకుండా మోచేతి దాకా జారింది. ఇంకో ఏడాది చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకున్నాడు. అంతకు చాలా ముందే ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఆ చెవికి మిషను పెట్టినా దండగేనని డాక్టరు చెప్పేశాడు. అప్పట్నుంచీ ఎవరం వెళ్ళినా ఆయనకి కుడిపక్కనే కూర్చుని మాట్లాడేవాళ్ళం.

ఈసారి పందెం వెయ్యలేదు. పిన్ని పోయాక ఇవే మొదటి సెలవులు.

ఆవిడ పోయిన కొత్తలో బాబాయి నాకు ఫోన్ చేసి, "మీ పిన్ని కనబడటం లేదే, మీ ఇంటికి గానీ వచ్చిందా?" అని అడిగేవాడు. స్టవ్ ఆర్పడం మర్చిపోతున్నాడని కింద అంతస్తులో బట్టలకి రంగులద్దే షాపతను కబురు చేశాడు. పిల్లల్లేని మనిషి. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. ఆయన్ని నా దగ్గరికి తెచ్చేసుకోవాలని గట్టిగా అనుకున్నాను. తమ్ముడికి ఇష్టం లేదు. "నీకు బస్టాండులో షిఫ్టు ఉద్యోగం. నువ్వెక్కడ చూస్తావక్కా? ఆయన మానాన ఆయన్ని ఉండనీ," అన్నాడు. నేను బస్టాండులో మైకు దగ్గర పనిచేస్తాను, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చెబుతాను. వాడికి ఏ బరువైనా నాలుగు మాటలతో దించేసుకోవడం బాగా వచ్చు. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. బాబాయి తన పనులు తను చూసుకోగలిగితే అక్కడే ఉంటాడు. లేకపోతే నాతో వస్తాడు.

తలుపు బాబాయే తీశాడు. గడ్డం నున్నగా గీసి ఉంది. గుండీలన్నీ వేటి చోట అవే ఉన్నాయి.

"రా మహాతల్లీ, ఇప్పటికి తీరిందా?" అన్నాడు.

నాకు చురుక్కుమంది. బాబాయి నన్ను పుట్టినప్పటి నుంచీ 'ఎలుకా' అనే పిలుస్తాడు. యాభై దాటినా ఎలుకనే. మహాతల్లీ అని దెప్పేది పిన్ని.

లోపల ఇల్లు అద్దంలా ఉంది. ఉతికిన దుప్పటి, తోమిన గిన్నెలు, వారం వారీగా సర్దిన మాత్రల డబ్బా. కింద షాపులోంచి ఎప్పుడూ వచ్చే తడిబట్టల వాసన వస్తోంది. దాని కింద ఇంకో వాసన, లవంగాలది. పిన్ని గొంతు కోసమని రోజంతా బుగ్గన లవంగం పెట్టుకునేది. ఆవిడ పోయి ఇన్నాళ్ళయినా ఆ వాసన పోలేదంటే ఏం మనిషిరా బాబూ అనుకున్నాను. బాబాయి కుర్చీ చోటు మారడం కూడా అప్పుడే చూశాను. కిటికీ దగ్గరుండేది కాస్తా వంటింటి గుమ్మం పక్కకి వచ్చింది. ఆ గుమ్మానికి నాటకాల కంపెనీ మూసేసినప్పుడు తెచ్చుకున్న పాత తెరగుడ్డ, ముదురెరుపుది, కర్టెనుగా వేలాడుతోంది. కుర్చీలో కూర్చుంటే అది సరిగ్గా ఆయనకి ఎడమపక్కన ఉంటుంది.

తమ్ముడు పరీక్ష మొదలుపెట్టాడు.

"బాబాయ్, మా చిన్నది ఏం చదువుతోంది?"

"ఎనిమిదో క్లాసు. లెక్కల్లో తప్పిందిగా మొన్న?"

"బీపీ మాత్ర ఎప్పుడేసుకోవాలి?"

"పొద్దున్న, టిఫిన్ అయ్యాక."

తమ్ముడు నా వైపు తిరిగి కళ్ళెగరేశాడు. "చూశావా? నీకన్నా నయం."

నేను చూస్తున్నది వేరు. ప్రతి ప్రశ్నకీ బాబాయి ఓ క్షణం ఆగుతున్నాడు. తల కొద్దిగా ఎడమకి వంచుతున్నాడు. ఆ తర్వాతే జవాబు చెబుతున్నాడు. కర్టెను వైపు… పనిచెయ్యని చెవిని పెట్టి.

ఆ తల వంపు నాకు కొత్త కాదు.

బాబాయి కుర్రతనంలో నాటకాల్లో పెద్ద వేషాలన్నీ వేసేవాడు. ఆయన రాగానే ఈలలు, చప్పట్లు. జనానికి తెలియని సంగతేమిటంటే ఆయనకి ఒక్క ముక్క గుర్తుండేది కాదు. స్టేజికి ఎడమ పక్క తెర చాటున పిన్ని స్టూలు వేసుకుని కూర్చుని మాట అందించేది. వాక్యమంతా చెప్పేది కాదు. మొదటి మాట ఒక్కటే, గాలి వదిలినంత మెల్లగా. మిగతాది ఆయన అందుకునేవాడు. ఆట అయ్యాక దండలు ఆయనకి పడేవి, ఆవిడ తెర వెనకే ఉండిపోయేది. అది అన్యాయమే, నేను కాదనను. కానీ ఆ కసంతా ఆవిడ ఇంట్లో తీర్చుకునేది. ఎవరింటికి వెళ్ళాలి, ఎవరితో నవ్వాలి, నా చేతికి ఎన్ని బిస్కెట్లు ఇవ్వాలి, అన్నీ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. నేనంటే ఆవిడకి పడేది కాదు. నాకూ ఆవిడంటే అంతే.

ఓసారి బాబాయి ఆవిడకి చెప్పకుండా నాకు కొత్త చెప్పులు కొన్నాడు. ఆ రోజు నాటకానికి నేను తెర చాటున పిన్ని స్టూలు పక్కనే కూర్చున్నాను. సీను మధ్యలో బాబాయి ఆగాడు, ఎడమకి తల వంచాడు. పిన్ని పెదాలు బిగించుకుంది. జనంలో ఎవరో దగ్గారు. ఇంకెవరో కిసుక్కుమన్నారు. బాబాయి నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు. నా చెప్పుల్ని చూస్తోంది. ఆయన చెమటలు మెడ దాకా కారాక, తీరిగ్గా ఆ ఒక్క మాట అందించింది.

అది గుర్తొచ్చి నాకు మొండితనం పుట్టింది. పిన్నికి తెలియనిది ఒక్కటి అడగాలనుకున్నాను. అలాంటిది ఒకటుంది. రిహార్సలు ఎగ్గొట్టి బాబాయి నాకు సైకిలు నేర్పాడు. ఆ సంగతి ఆవిడ చచ్చేదాకా మేమిద్దరం పెదవి విప్పలేదు.

"బాబాయ్," అన్నాను. "నువ్వు నాకు సైకిలు నేర్పిన రోజు ఏమైందో చెప్పు."

ఆయన తల ఎడమకి వంగింది. ఆగాడు. ఇంకా ఆగాడు. మొహంలోంచి నవ్వు జారిపోయింది. కింది పెదవి మీద తడి మెరిసింది. కర్టెను కదల్లేదు, కానీ లవంగం వాసన గుప్పున కొట్టింది.

అప్పుడు బాబాయి నోటి వెంట, ఆయన గొంతుతోనే, ఒక్కో మాటా విడిగా వచ్చింది.

"ఆ సంగతి… నాకెప్పుడూ చెప్పలేదే… ఇద్దరూ కలిసి… ఇన్నాళ్ళూ… నా వెనకాల…"

తమ్ముడు పకపకా నవ్వాడు. "అదేంటి బాబాయ్, నేర్పింది నువ్వేగా!"

కరెంటు పోయింది.

సాయంత్రమే అయినా బయట వాన ముసురు పట్టి ఉంది. గదిలో చెయ్యి చాపితే చెయ్యి కనబడటం లేదు. "ఉండు, కార్లో టార్చి ఉంది," అని తమ్ముడు తడుముకుంటూ మెట్లు దిగాడు. వాడి అడుగుల చప్పుడు కిందికి పోయింది. గదిలో బాబాయి, నేను మిగిలాం. ఇద్దరమే ఉన్నామని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయనకి కుడిపక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గరికి వంగాను.

"బాబాయ్, నేను ఎలుకని. ఇదొక్కటీ నువ్వే చెప్పాలి. నాతో వస్తావా?"

చల్లటి వేళ్ళు నా మణికట్టు వెతుక్కుని గట్టిగా పట్టుకున్నాయి.

"ఎలుకా…" ఆ గొంతు వణుకుతోంది. ఆ సాయంత్రమంతటిలో అదొక్కటే ఆయన సొంత మాట. "తీసుకుపోవే నన్ను… నిద్రపోనివ్వడం లేదు… తెల్లార్లూ రిహార్సలే… ఎవరేం అడిగితే ఏం చెప్పాలో…"

"లే. ఇప్పుడే పోదాం," అన్నాను.

లేచాడు. నా భుజం పట్టుకుని ఒక అడుగేశాడు. ఇంకో అడుగేశాడు. తలుపు ఎంతో దూరం లేదు.

అక్కడ ఆగాడు. తల ఎడమకి వంచాడు.

నేనూ విన్నాను. ఏమీ వినిపించలేదు. ఎవరో మాట అందించబోయి మానుకున్నట్టు… పెదాలు బిగించుకున్నట్టు…

"బాబాయ్, నడువు."

కదల్లేదు. చేత్తో తడిమాను. నోరు తెరిచి ఉంది. లాగాను. రాయిలా ఉన్నాడు. గుండెల మీద చెయ్యి వేశాను. గుండె కొట్టుకుంటోంది… కానీ ఛాతీ లేవడం లేదు. ఊపిరి తీసుకోవడం లేదు.

అప్పుడు నాకర్థమైంది. జవాబులొక్కటే కాదు. గడ్డం గీసుకోవడం, గుండీలు పెట్టుకోవడం, ముద్ద మింగడం… ఊపిరి తీసుకోవడం కూడా… అన్నీ ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. అన్నీ ఆవిడే అందిస్తోంది.

"పిన్నీ," అన్నాను చీకట్లోకి. "అందించు."

వాన పడుతోంది.

"పిన్నీ, తప్పయింది. నీకు పుణ్యముంటుంది. ఆయనకి చెప్పు… చెప్పు పిన్నీ…"

బాబాయి గోళ్ళు నా మణికట్టులో దిగుతున్నాయి. ఆయన లోపలే ఉన్నాడు. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

నా ఎడమ చెవికి వెచ్చగా గాలి తగిలింది. లవంగం వాసన. ఒక్క మాట. గాలి వదిలినంత మెల్లగా.

"నువ్వు…"

ఆవిడెప్పుడూ మొదటి మాటే అందిస్తుంది. మిగతాది ఎదుటివాళ్ళకి తెలిసి ఉండాలి. నాకు తెలుసు.

"నువ్వు… ఇక్కడే ఉండు బాబాయ్," అన్నాను.

మునిగి తేలినవాడిలా ఆయన ఒక్క ఊపిరి లాగాడు. నా మణికట్టు మీద పట్టు సడలింది. ఒక్కో వేలూ విడిచిపెట్టాడు. తిరిగి నడుచుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

తమ్ముడు టార్చి పట్టుకుని వచ్చేసరికి కరెంటు కూడా వచ్చింది. "ఇంక మేం బయల్దేరతాం బాబాయ్," అన్నాడు. బాబాయి మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. "జాగ్రత్తగా వెళ్ళండి. మళ్ళీ సెలవులకి రండి," అని నాటకంలో రాజులా గంభీరంగా అన్నాడు. మా పిల్లలందర్నీ పేరుపేరునా అడిగినట్టు చెప్పమన్నాడు. నవ్వు చెక్కు చెదరలేదు. కళ్ళ వెంట మాత్రం ధారగా నీళ్ళు కారుతున్నాయి.

"మనం వెళ్తున్నామని ఎంత బెంగో చూడు, పాపం," అన్నాడు తమ్ముడు మెట్లు దిగుతూ. వాడి మొహం పగలగొడదామన్నంత కోపం వచ్చింది. నా మొహం కూడా.

ఎండాకాలం రాకముందే బాబాయి పోయాడు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఊపిరాగి. వయసైపోయిందన్నారు. మేం వెళ్ళేసరికి నోరు తెరిచి ఉంది. తల ఎడమకి వంగి ఉంది. ఆవిడకి విసుగొచ్చి ఉంటుందని నేను మనసులో అనుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు బస్టాండులో మైకు ముందు, బస్సు పేరు చెబుతుండగా తర్వాతి మాట పోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనలా తడుముకున్నది లేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. ఇంతలో మాట దానంతటదే వచ్చింది. చెప్పేశాను. నాలుగు రోజులకి మళ్ళీ అలాగే అయింది, ఈసారి ఆ మాట ఎవరో చెవిలో చెప్పినట్టు వినిపించింది. ఎందుకైనా మంచిదని చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. "ఎడమ చెవి పూర్తిగా పోయిందండీ. వయసు కదా," అన్నాడు ఆయన. నేను బయటికొచ్చాను. నాకా మాటలు వినిపించేది ఆ చెవిలోనే.

ఈ ఏడాది సెలవులకి మా అమ్మాయీ అల్లుడూ వచ్చారు. మెట్ల మీద ఇద్దరూ గుసగుసలాడుకోవడం, తలుపు తీసేలోపు టక్కున ఆపడం నాకు తెలుస్తూనే ఉంది. అమ్మాయి నా గాజుల వైపు చూసింది, అవి ఎంత వదులయ్యాయోనని. నాకోసం కొత్త చెప్పులు తెచ్చింది. పెట్టె నా ఒళ్ళో పెట్టి, నా కుడిపక్కన కూర్చుంది.

"అమ్మా, ఒక్కదానివీ ఎందుకిక్కడ? మాతో వచ్చెయ్యకూడదూ?"

వస్తాననే చెప్పాలనుకున్నాను. నా చిట్టితల్లి, ఎంత ప్రేమగా అడిగిందో. మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"ఏంటమ్మా, అటు చూస్తున్నావు? అటు ఎవరూ లేరుగా," అంది అమ్మాయి.

నేను చూడటం లేదు. వింటున్నాను.

"నేను… ఇక్కడే ఉంటానమ్మా," అన్నాను.

ఆ మొదటి మాట అందించిన గొంతు పిన్నిది కాదు. మాట అందించే ముందు అది నన్ను 'ఎలుకా' అని పిలిచింది.