పట్టని రెండు లైన్లు

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. అమ్మ రాసిన సైన్స్ కాలమ్ మూడింటికల్లా పత్రిక ఆఫీసుకు చేరాలి. అమ్మేమో జ్వరంతో ముసుగుతన్ని పడుకుంది.

"పేపర్‌వాళ్లిచ్చిన జాగాలో చివరి రెండు లైన్లు పట్టడం లేదే. బొమ్మ కాస్త చిన్నది చేసి పంపించు," అంది పక్క గదిలోంచి.

కంప్యూటర్ ముందున్న పెన్సిలమ్మకు ఒళ్లు మండింది. ఎప్పుడూ చెవి మీద పెన్సిల్‌తో తిరుగుతుందని ఇంట్లో పెట్టిన పేరది. వయసు పదకొండు. ప్రతి వారం ఆ కాలమ్‌కి బొమ్మ వేసేది తనే. ఈసారి ఆకు మీద ఈనెలన్నీ ఒక్కొక్కటే ఓపిగ్గా గీసింది. కుదిస్తే అవేం కనపడతాయి? బొమ్మను అలాగే ఉంచి, రెండు లైన్లు తీసేసి పంపింది. అంత వ్యాసంలో రెండు లైన్లు పోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

వ్యాసం ఒక కలుపు మొక్క గురించి. దాని ఆకురసంతో షుగర్ తగ్గినట్టు ఒక ల్యాబ్‌లో తేలిందట. పోయిన లైన్లు ఇవి: "ఈ పరీక్ష ఎలుకల మీదే జరిగింది. దీన్ని నమ్ముకుని ఎవరూ మందులు మానకూడదు."

కింది వాటాలో టైలర్ తాతయ్య ఉంటాడు. ఆయనకు షుగర్. ఆదివారం పేపర్ రాగానే ముందు చదివేది అమ్మ కాలమ్‌నే. ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసి, రోజూ ఆకురసం తాగాడు. నెల తిరిగేసరికి కాలికి పుండు పడి ముదిరింది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మిషన్ తొక్కే కాలికే.

"నువ్వు రాశావనే తాగానమ్మా," అన్నాడు, చూడ్డానికి వెళ్లిన అమ్మతో.

అమ్మ ఇంటికొచ్చి ఆనాటి పేపర్ వెతికి తీసింది. జ్వరంలో దాన్ని చూడనేలేదు.

"చివరి లైన్లు ఏవే?"

పెన్సిలమ్మ చెప్పేసింది. అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అచ్చయ్యాక చూసుకోకపోవడం తన తప్పేనని ఎడిటర్‌తో చెప్పి, సవరణ వేయించింది. అది పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో వచ్చింది. ఎవరు చదివారో తెలియదు.

తాతయ్య ఇంటికి చేరాక పెన్సిలమ్మ వెళ్లి, ఏడుస్తూ జరిగింది చెప్పింది.

"బొమ్మ బాగుందిలే," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మాట ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

తర్వాతి శుక్రవారం కూడా వ్యాసం పట్టలేదు. ఈసారి నాలుగు లైన్లు ఎక్కువ. అమ్మ ఏమీ చెప్పకముందే పెన్సిలమ్మ బొమ్మ తీసేసింది. మొత్తం తీసేసింది. చివరి లైను పట్టిందో లేదో రెండుసార్లు చూసి అప్పుడు పంపింది.

ఆదివారం పేపర్ పట్టుకుని కిందికి వెళ్లింది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. తాతయ్య పేపర్ తెప్పించడం మానేశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆమే స్టూలు లాక్కుని కూర్చుని మొదటినుంచీ చదివింది.

"అంతేనా? ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగాడు తాతయ్య.

"ఏం మిగల్లేదు తాతయ్యా."

"చివరిది మళ్లీ చదువు."

పెన్సిలమ్మ వేలు పెట్టి, చివరి లైను మళ్లీ చదివింది.