మూడోసారి అడిగాక

ఆ ఉదయం కూడా తుగినెం కలకండ వేసి మల్లె టీ కాచింది. మంచం మీదున్న భర్త వార్సిదీ గుటక వేయలేడు. అయినా దూదిని టీలో ముంచి ఆయన నాలుకకు అద్దడం ఆమె మానలేదు. నరాల జబ్బు రెండేళ్లలో ఆయన కాళ్లూ చేతులూ మాటా తీసుకుపోయి, చివరికి కనురెప్పలను కూడా వదల్లేదు. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ సంగతి కనిపెట్టింది కూతురు రెత్నో. బాండుంగ్ యూనివర్సిటీలో ఆమె పనే అది. తండ్రి తలకు వైర్ల టోపీ తొడిగి, మీ పేరు వార్సిదీయేనా, మీకు ముగ్గురు భార్యలా అని, జవాబు తెలిసిన ప్రశ్నలే నాలుగు నెలలు అడిగింది. ఆయన మనసులో అవునంటే మెదడులో ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో కంప్యూటర్‌కు నేర్పింది. అవునంటే తెర మీద ఆకుపచ్చ దీపం, కాదంటే ఎర్రది.

ఊపిరి నిలవాలంటే గొంతులో గొట్టం పెట్టాలి, సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పమన్నాడు డాక్టర్. రెత్నో తండ్రినే అడిగింది. ఎర్ర దీపం వెలిగింది.

"డాక్టర్‌కు ఫోన్ చేస్తానమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "నాన్న వద్దన్నారు. ఆయన నిర్ణయం మనం కాదనకూడదు."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒక్కసారే. మళ్లీ మళ్లీ అడిగితే బలవంతపెట్టినట్టు అవుతుంది."

తుగినెం చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "ఇంత చదివావు, పెద్దవాళ్లను అడగడం మాత్రం రాలేదు. జావా మనిషి మొదటిసారికే ఊ అంటాడా? మా ఇంటికి మొదటిసారి వచ్చిననాడు నోరు ఎండిపోతున్నా రెండుసార్లు టీ వద్దన్నాడు మీ నాన్న. కావాలంటే ఇప్పుడు టీ సంగతి అడిగి చూడు."

ఇది విందు కాదు, ప్రాణమని రెత్నో విసుక్కుంది. అయినా టీ కావాలా నాన్నా అని అడిగింది. ఎర్రది. టీ పడనిదే వీధిలోకి అడుగుపెట్టని మనిషి. మళ్లీ అడిగింది. ఎర్రదే. మూడోసారి తుగినెం అడిగింది, నలభై ఏళ్లుగా అడుగుతున్నట్టే. ఆకుపచ్చది వెలిగింది.

రెత్నోకు అర్థమైంది. కంప్యూటర్ సరిగ్గానే చదివింది. తండ్రిని చదవలేకపోయింది తనే. బాండుంగ్‌లో తనకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాతో వచ్చి ఉండండి నాన్నా అంటే, నీకెందుకమ్మా శ్రమ అన్నాడాయన. అదే ఆయన నిర్ణయమనుకుని మళ్లీ అడగలేదు.

గొట్టం గురించి రెండోసారి అడిగింది. ఎర్రది.

"మూడోసారీ కాదంటే అది నిజంగా కాదనే," అంది తుగినెం మెల్లగా. "అప్పుడు డాక్టర్‌కు నేనే చెబుతాను."

రెత్నో మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "మా కోసం చెప్పకండి నాన్నా. మీకు ఇంకా ఉండాలని ఉందా?"

ఆకుపచ్చ దీపం వెలిగింది.

తుగినెం మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. కాసేపటికి రెత్నో డాక్టర్‌కు ఫోన్ చేసి వచ్చి, తండ్రి చేయి తన చేతుల్లోకి తీసుకుంది.

"బాండుంగ్ వచ్చి నా దగ్గర ఉంటారా నాన్నా?"

ఎర్రది వెలిగింది. రెత్నో ఏడుస్తూనే నవ్వింది. ఇది రెండోసారి. ఇంకొక్కసారి అడగాలి.