లోపలి గది తలుపు

పొద్దున ఏడున్నరకే కుప్పమ్మాళ్ సణుగుడు మొదలైంది. వంటింటి గడప మీద కూర్చుని, కోడలు డబ్బా సర్దుతుంటే ప్రతిదానికీ ఒక వంక పెడుతోంది.

"ఎండలో ఆడే బిడ్డకి ఆ బ్రెడ్డు ఏంది? మజ్జిగన్నం పెట్టరాదా?"

"మజ్జిగన్నమే పెట్టినా అత్తా. బ్రెడ్డు పదకొండు గంటలకి," అంది విజి.

"మాత్ర మింగిందా?"

"మింగింది. మెల్లిగా మాట్లాడు, వాకిలి తెరిచుండాది."

ఆ ఇంట్లో మాత్ర అన్న మాట వచ్చినప్పుడల్లా గొంతులు తగ్గేవి. ముత్యాల్‌పేటలో వాళ్ళ వీధి ఇరుకు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. ఇక్కడ తుమ్మితే అక్కడ చిరంజీవ అంటారు. అలాంటి వీధిలో ఒక సంగతిని మూడేళ్ళుగా దాచామని వాళ్ళ నమ్మకం.

తొమ్మిదేళ్ళ జనని కొత్త టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వేసవి క్యాంపుకు నాలుగో రోజు. పక్కింటి ప్రియా కోసం ఎదురుచూస్తూ ఒంటికాలి మీద గెంతుతోంది. కుప్పమ్మాళ్ మనవరాలిని దగ్గరికి లాక్కుని, మొలలోని తాళాలగుత్తి నుంచి ఒక చిన్న ఇనప తాళంచెవి తీసి గౌను జేబులో వేసి, పైన పిన్నీసు పెట్టింది.

"ఏమి చెప్పినాను?" అని అడిగింది.

"కండ్ల ముందర మినుకుమినుకు అంటే ఎవురికీ చెప్పకూడదు. తాళంచెవి పట్టుకోవాల. లోపలికి పోయి తలుపేసుకోవాల," అని జనని పాఠంలా అప్పజెప్పింది.

"నా బంగారు."

విజి ఆ మాటలు వింది. డబ్బా మూత నొక్కుతూ నిలబడి అంతా వింది. వద్దని చెప్పాలనిపించింది కానీ చెప్పలేదు. కంపెనీ బస్సు ఎనిమిదింటికి, తట్టాంచావడిలో కంపెనీ గేటు దగ్గర అయిదు నిమిషాలు ఆలస్యమైతే సూపర్‌వైజర్ మొహం చూడలేం.

జననికి ఆరో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి. మందులు వాడాక తగ్గి, నెలకో రెండు నెలలకో ఒకసారి, అదీ ఎక్కువగా తెల్లవారుజామునో సాయంత్రమో వచ్చేవి. వచ్చినప్పుడల్లా ఒకటే పద్ధతి. పిల్లను కిటికీ లేని లోపలి గదిలోకి ఎత్తుకుపోవడం, తలుపు మూసి గడియ పెట్టడం, పిడికిట్లో ఇనప తాళాలు పెట్టడం, టీవీ గట్టిగా పెట్టడం. అయిపోయాక మొహం కడిగి, ఏమీ జరగనట్టు బయటికి తీసుకురావడం. బడిలో ఇంతవరకు రాలేదు. రాలేదు గనక ఇక రాదనుకున్నారు.

కుప్పమ్మాళ్‌ది రాతిగుండె అనుకుంటే పొరపాటు. ఆమె కూతురికి కూడా ఇదే జబ్బు. పదేళ్ళప్పుడు వీధి కొళాయి దగ్గర, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందూ పడిపోయింది. ఆ తర్వాత ఒక్క సంబంధం రాలేదు, ఒక్క పేరంటానికి పిలుపు లేదు. ముప్పయ్యో ఏట పోయేదాకా ఆ పిల్ల ఈ ఇంట్లోనే, ఈ లోపలి గదిలోనే బతికింది. ఆ బతుకు మనవరాలికి రాకూడదని ముసలామె పట్టుదల.

ఇక విజికి ఇంకో దిగులు. తన బిడ్డ చుట్టాలింట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. ప్రియా క్యాంపు కాగితం తెచ్చి చూపిస్తే, జనని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. నేనూ పోతానని నోరు తెరిచి అడగనైనా లేదు. అడగకపోవడమే విజిని కోసేసింది. మూడు రోజులు అత్తతో పోట్లాడి ఒప్పించింది.

"పంపించుకో. నోరు మటుకు తెరవబాకు. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్లేదు," అని కుప్పమ్మాళ్ షరతు పెట్టింది.

క్యాంపు మొదలయ్యే ముందు ఆదివారం తల్లిదండ్రుల్ని పిలిచారు. క్యాంపు పెట్టిన పాత బంగళా వరండాలో, క్యాంపు నడిపే పూంగొడి టీచర్ తమిళంలో నెమ్మదిగా చెప్పింది. "టోపీ మర్చిపోతే నేనిస్తాను. నీళ్ళసీసా మర్చిపోతే నేనిస్తాను. మీ బిడ్డ ఒంట్లో సంగతి మీరు చెప్పకపోతే మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఉబ్బసం గానీ ఫిట్స్ గానీ, పల్లీలు పడకపోవడం గానీ, ఏదైనా ఫారంలో రాయండి. రాసినందుకు ఏ బిడ్డనూ వెనక్కి పంపను. రాయడానికి మొహమాటమైతే వచ్చి నా చెవిలో చెప్పండి."

విజి అందరూ లేచాక కూడా కూర్చునే ఉంది. టీచర్ ఒక్కతే అయ్యేదాకా చూసింది. లేచి రెండడుగులు వేసింది కూడా. పక్కన ప్రియా తల్లి మారియమ్మ చెయ్యి పట్టుకుని, "రా విజీ, ఆటో వచ్చేసినాది," అంది. మారియమ్మ ముందు ఎలా చెప్తుంది? వెళ్ళి ఆటో ఎక్కింది. ఇంటికొచ్చి ఫారంలో అన్నీ నింపి, ఆరోగ్యం అన్న చోట కలం ఆపింది. ఎదురుగా అత్త కూర్చుని ఉంది. విజి 'నిల్' అని రాసింది. కరెంటు ఆఫీసులో లైన్‌మ్యాన్‌గా చేసే మొగుడు దామోదరన్ నిలబడే సంతకం పెట్టి, హెల్మెట్ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ నాలుగో రోజు పన్నెండున్నరకు, కంపెనీ గేటు దగ్గర అందరి ఫోన్లూ పెట్టించుకునే పెట్టెలోంచి విజి తన ఫోను తీసుకుంది. పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ క్యాంపు నుంచే.

ఆసుపత్రికి ఆమె చేరేసరికి దామోదరన్ అక్కడే ఉన్నాడు. వరండాలో పూంగొడి టీచర్ మీద అరుస్తున్నాడు.

"ఇంతమంది పిల్లకాయల్ని పెట్టుకుని, ఒక బిడ్డ యాడికి పోయిందో చూసుకోలేరా మీరు?"

టీచర్ చీర అంచుకు తడి బంకమట్టి అంటుకుని ఉంది. జరిగింది ఆమె చెప్పింది. పదిన్నరకు కొందరు పిల్లలు మట్టిబొమ్మలు చేస్తున్నారు, కొందరు కాగితాల మీద బొమ్మలు వేస్తున్నారు. జనని బాత్రూమ్‌కని వెళ్ళింది. బొమ్మలు వేసే గుంపులో ఉందని వీళ్ళు, మట్టి గుంపులో ఉందని వాళ్ళు అనుకున్నారు. పదకొండుకు బ్రెడ్డు తినేటప్పుడు లెక్కపెడితే ఒకరు తక్కువ. తోటంతా వెతికారు, రోడ్డు మీదికి పరిగెత్తారు. చివరికి వెనక మూల వాడని బాత్రూమ్‌కు లోపల గడియ పెట్టి ఉందని వాచ్‌మన్ సుబ్బరాయన్ చూసి, తలుపు పగలగొట్టాడు. పిల్ల ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"దగ్గరలో రెండు బాత్రూములున్నాయి. అంత దూరం పోయి ఎందుకు గడియ పెట్టుకుందో నాకు అర్థం కాలేదు," అంది టీచర్. "పిడికిలి విప్పితే ఇది ఉంది." చేతిలోని చిన్న తాళంచెవి చూపించింది.

విజి గోడకు ఆనుకుంది.

"ఇది మొదటిసారా అని డాక్టర్ అడిగారు. ఫారం చూసి, అవునన్నాను. ఇంతకుముందు మందులేవైనా వాడుతోందా అన్నారు. లేదన్నాను." పూంగొడి సంచిలోంచి కాగితం తీసి దామోదరన్ చేతికిచ్చింది. "నా తప్పుంది. ముందే లెక్కపెట్టి ఉండాల్సింది. చచ్చేదాకా అది నన్ను వదలదు. కానీ ఒక్క మాట చెప్పుంటే, ఆ బంగళాలో అన్ని తలుపుల గడియలూ పీకించేదాన్ని కదండీ."

దామోదరన్ కాగితం చూశాడు. భార్య చేతిరాత, కింద తన సంతకం.

"నువ్వు చెప్పుంటావనుకున్నా విజీ," అన్నాడు.

"నువ్వు చదివుంటావనుకున్నా," అంది విజి.

ఆ తర్వాత అతను అరవలేదు. బెంచీ మీద కూర్చుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. ఫిట్స్ ఆగకుండా నలభై నిమిషాలు, ఇంకా ఎక్కువే కావచ్చు, అన్నాడు డాక్టర్. ప్రాణం దక్కింది, మెదడు దెబ్బతింది. ఎంత తిరిగొస్తుందని విజి అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఇంటికి ఆ రోజు తెలిసింది.

జూలైలో జననిని ఇంటికి తెచ్చారు. మాట లేదు. కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనంలో లేవు. అన్నం మెత్తగా పిసికి పెడితే మింగుతుంది, మనుషుల్ని చూస్తుంది. అమ్మా అని ఒక్కసారి పిలుస్తుందేమోనని విజి రోజంతా ఆ పెదాల వైపే చూసేది. ఉద్యోగం మానేసింది. దామోదరన్ ఒకరోజు స్క్రూడ్రైవర్ తెచ్చి లోపలి గది గడియ ఊడదీశాడు. దాన్ని ఎక్కడ పారేశాడో ఎవరూ అడగలేదు. అత్తా కోడళ్ళు మాట్లాడుకోక నలభై రోజులైంది. ఒకే బిడ్డను చెరోవైపు పట్టుకుని స్నానం చేయించేవారు కానీ, నీళ్ళు వేడెక్కాయా అని కూడా ఒకరినొకరు అడిగేవారు కాదు.

ఒక సాయంత్రం మారియమ్మ గిన్నెతో గంజి తెచ్చింది. హాల్లో చాప మీద పడుకున్న జనని పక్కన కూర్చుని చాలాసేపు ఆ పిల్ల తల నిమిరింది.

"పెద్దమ్మా, ఒక మాట చెప్పాల. చెప్పకుంటే నాకు నిద్ర రాదు," అంది. "మాకు తెలుసు."

"ఏంది తెలుసు?" అంది కుప్పమ్మాళ్.

"బిడ్డకి ఫిట్స్ వస్తాయని. ఈ వీధిలో అందరికీ తెలుసు. మీరు టీవీ గట్టిగా పెడితే మేము పిల్లకాయల్ని లోపలికి పిలిచేసుకుంటాము. మీరు దాస్తాండారు, బాధపడతారని మేము తెలీనట్టు ఉన్నాము."

కుప్పమ్మాళ్ చెయ్యి మొలలోని తాళాలగుత్తి మీదికి పోయింది.

"ఆ పొద్దు మా ప్రియా చూసింది విజీ. జనని జేబులో చెయ్యి పెట్టుకుని వెనక్కి పోతాంటే చూసింది. ఏమౌతాందో దానికి అర్థమైంది. టీచర్‌కి చెప్పలేదు." మారియమ్మ గంజి గిన్నె పక్కకు జరిపింది. "ఎవురికీ చెప్పబాకని నేనే నేర్పించినాను. జనని పేరు చెడిపోతాదని. రోజూ ఏడస్తాంది నా బిడ్డ. నేను ఏమి చెప్పేది దానికి?"

విజికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండుననిపించింది. ఎవరికీ తెలియకూడదని మూసిన తలుపు వెనక, అందరికీ తెలిసిన సంగతి కోసం, తన బిడ్డ ఒంటరిగా కొట్టుకుంది. ఆ ఆదివారం బంగళా వరండాలో టీచర్ వైపు రెండడుగులు వేసింది. ఇంకో నాలుగు వేసుంటే సరిపోయేది.

కుప్పమ్మాళ్ మెల్లగా లేచి వచ్చి కోడలి ముందు కూలబడింది. మొలలోని తాళాలగుత్తి తీసి నేల మీద పెట్టింది.

"నన్ను తిట్టు విజీ. నలభై దినాలుగా నువ్వు తిడతావని చూస్తాండాను. నా కూతుర్ని దాచలేకపోయినానని, నీ కూతుర్ని దాచబోయినాను."

"తిట్టి ఏమి చేసేది అత్తా? రాసింది నా చెయ్యే కదా."

విజి ఆ ముడతల చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడ్చారు. మారియమ్మ కూడా ఏడ్చింది. వాకిలి తెరిచే ఉంది, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు, ఎవరూ వెళ్ళి మూయలేదు.

చాప కదిలిన చప్పుడు విని విజి తలెత్తింది. జనని రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. వస్తోందని విజికి తెలిసింది. పిల్ల వాకిలి వైపు చూసింది, మారియమ్మ వైపు చూసింది. ఎడమ మోచేతి మీద ఒళ్ళంతా ఈడ్చుకుంటూ లోపలి గదిలోకి పాకింది. మాటలన్నీ మరిచిపోయిన పిల్ల ఆ ఒక్క పాఠం మరిచిపోలేదు.

"వద్దు బంగారూ. తెరిచే పెట్టు. అందరూ చూడనీ," అంటూ కుప్పమ్మాళ్ మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళింది.

జనని ఎడంచేత్తో తలుపు మూసింది. గడియ లేని తలుపు మెల్లగా మళ్ళీ తెరుచుకుంది. పిల్ల అవ్వ మొహంలోకి ఒకసారి చూసి, తలుపు మళ్ళీ మూసింది.