ఏజెంట్ చందర్ కడుపుమంట

“అజర్, నువ్వు జెబాకు భర్తవి. చందర్, నీకు మిర్చిబజ్జీల బండి.”

సీక్రెట్ సర్వీస్ చీఫ్ కుమారస్వామి బ్రీఫింగ్ ఆ తర్వాత చాలాసేపు సాగింది. చందర్ చెవికి మాత్రం ఆ మొదటి ముక్కే ఎక్కింది. జెబా నవ్విందంటే కోడ్‌వర్డులన్నీ మరిచిపోయే మనిషి అతను.

“భర్త వేషం నేనేస్త సార్.”

“నీ మొహం అద్దంలో చూసుకున్నవా? ఆమె పక్కన అజర్ అయితేనే ఎవడైనా నమ్ముతడు. చెప్పేది విను.”

భద్రాచలం కరకట్ట ఎదురుగా ఉన్న లాడ్జిలో డెరెక్ అనే విదేశీయుడు దిగాడు. జెబా అతని ముఠాలో ప్రోగ్రామర్‌గా చేరి, అతని జీతం తింటూ చీఫ్‌కు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. స్నానఘట్టం దగ్గర ముత్యాలు అనే ఉద్యోగి గోదావరి గేజ్ చూసి, నీటిమట్టాన్ని ఫోన్లో షీటు నింపి పంపుతాడు. ఆ షీటు కంట్రోల్ రూముకు చేరకముందే డెరెక్ సాఫ్ట్‌వేర్ పట్టుకుని అంకె తగ్గించి పంపుతుంది. వరద ఎంత వచ్చినా సైరన్ మోగదు. ప్రపంచంలో ఏ హెచ్చరిక నోరైనా మూయించగలనని వీడియో కాల్‌లో కొనుగోలుదారులకు చూపించాలని డెరెక్ పన్నాగం. లోతట్టు కాలనీల జనం మునిగినా అతనికది డెమో మాత్రమే.

“సాఫ్ట్‌వేర్ కూలేదాకా ఎవ్వణ్నీ ముట్టొద్దు. డెరెక్ బెదిరితే దాన్ని ఇంకో దేశం నుంచి నడిపిస్తడు,” అన్నాడు చీఫ్.

జెబా ఉంగరంలో మైకు. చందర్ చెవిలో ఇయర్‌పీస్. డిపార్ట్‌మెంట్ అతనికిచ్చిన శిక్ష అదే.

“జెబా, చలేస్తోందా? ఏసీ తగ్గించనా?” లాడ్జి గదిలోంచి అజర్ గొంతు తియ్యగా వినిపించింది.

కరకట్ట మీద బండి దగ్గర, మరుగుతున్న నూనె ముందు చెమటలు కక్కుతున్న చందర్, పిండిలో ముంచకుండానే మిరపకాయను మూకుట్లో వేశాడు. వీడికి ఏసీ, వీడికి జెబా! నాకేమో శనగపిండి!

మధ్యాహ్నం జెబా నల్లకళ్లద్దాలు పెట్టుకుని బండి దగ్గరికొచ్చింది.

“భయ్యా, ఉల్లిగడ్డ ఎక్కువెయ్యి.”

ఆ కోడ్‌వర్డులో ‘భయ్యా’ పెట్టినవాడి చేతులు విరగ! ఆమె పెన్‌డ్రైవ్‌ను చట్నీ గిన్నె చాటున పెట్టింది.

“సాఫ్ట్‌వేర్ కాపీ. డెరెక్‌కు నా మీద అనుమానం వచ్చింది. జల్దీ ఏదన్నా చెయ్యి,” అని గుసగుసగా చెప్పి వెళ్లిపోయింది.

చందర్ బండి కింది లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ తెరిచాడు. ఎటు చూసినా పాస్‌వర్డులే. పక్కనే ఇంకో ఫోల్డర్ కనబడింది. డిపార్ట్‌మెంట్ తయారు చేయించిన దొంగ నిఖా ఫొటోలు. షేర్వానీలో అజర్. జెబా భుజం మీద చెయ్యి.

“వేషానికి భుజం మీద చెయ్యెందుకురా!”

ఆమె నవ్వు నటనా, నిజమా? పెద్దది చేసి చూడాల్సిందే. ఒక పక్క గోదావరి పెరుగుతోంది, మనవాడికి ఇదీ యావ! ఆత్రంలో ఆ ఫొటోను తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌లోకే లాగి పడేశాడు. తెర నల్లబడింది. సాఫ్ట్‌వేర్ మొత్తం మూతపడింది. మళ్లీ నడిపి ఇంకో ఫొటో వేశాడు. మళ్లీ అంతే. షీటు తప్ప ఇంకేదీ దానికి మింగుడుపడటం లేదు.

ఇయర్‌పీస్‌లో పిస్టల్ క్లిక్‌మన్న చప్పుడు.

“కాపీ ఎవరికిచ్చావు?” డెరెక్ గొంతు.

“ఆమెను వదిలెయ్! నన్ను కాల్చు!” అన్నాడు అజర్.

“ఆ మాట నేనేగదరా అనాల్సింది!” అని పళ్లు నూరుతూ చందర్ ఘట్టం మెట్ల మీదికి పరుగెత్తాడు.

“ముత్యాలన్నా! నీళ్లెంతదాకా వచ్చినయ్?”

“మూడో ప్రమాద హెచ్చరిక గిప్పుడే దాటింది. సైరన్ ఎందుకు మోగుతలేదో సమజైతలేదు. మళ్ల షీటు పంపుతున్న.”

“షీటు ఆపు! ముందు గా జాగల ఓ ఫొటో పెట్టు.”

“ఏంది, ఫొటోనా? పోయిన వానాకాలం గట్లనే పంపిన. గోదారి పొంగితే ఊరోళ్లంతా ఫొటోలే పెడతరు, నువ్వు గూడనా అని సార్లు మస్తు తిట్టిండ్రు.”

“ఆ తిట్లు నేను తింట. పంపన్నా, నీ కాళ్లు మొక్కుత!”

ముత్యాలు ఫోన్లో పొద్దున తీసిన ఫొటో ఒకటుంది. అతని భార్య సారక్క పొంగిన గోదారమ్మకు పసుపు కుంకుమ సమర్పిస్తోంది. దాన్నే పంపాడు.

“వాట్ ఈజ్ దిస్?” డెరెక్ కేక వినిపించింది. కొనుగోలుదారుల కళ్లముందే అతని తెర నల్లబడింది.

“ఇప్పుడు షీటు!” అన్నాడు చందర్.

సైరన్ మోగింది. డెరెక్ తల తెర వైపు తిరిగిన ఆ ఒక్క క్షణంలో అజర్ కాలు లేచింది, పిస్టల్ ఎగిరిపడింది. ఆ తన్ను కూడా అజరే తన్నాలా! ఖర్మ!

పోలీసులు లాడ్జిని చుట్టుముట్టారు. కాలనీల జనం పిల్లాజెల్లాతో ట్రాక్టర్లెక్కి మెరకకు చేరారు. ఒక్క ప్రాణం పోలేదు.

సాయంత్రం లాడ్జి గదిలో స్పీకర్‌ఫోన్ మీద చీఫ్ గొంతు ఖంగుమంది. జెబా, అజర్ పక్కపక్కనే కూర్చున్నారు.

“శభాష్ చందర్! ఫొటో పెడితే కూలుతదని నీకెట్ల తెలిసింది? వివరంగా చెప్పు. రాష్ట్రపతి మెడల్‌కు రాస్త.”

జెబా ఆసక్తిగా చందర్ కళ్లలోకే చూస్తోంది. మీ నిఖా ఫొటోలో వాడి చెయ్యి చూసి కడుపు మండి అని చెప్పాలా? ఆమె ముందా? వాడి ముందా?

“నాదేం లేదు సార్. అంతా… అజర్ ఐడియా.”

అజర్ తెల్లబోయాడు. మరుక్షణం వినయంగా తల వంచాడు, దొంగసచ్చినోడు.

“అనుకున్న! జెబా, ఏమంటవ్? ఇంత తెలివిగల మొగుడు మళ్లీ దొరకడు. ఢిల్లీ మిషన్‌కు గూడ మీరిద్దరే జంట,” అన్నాడు చీఫ్.

చందర్ ఒక్క అబద్ధంతో పరువు దక్కించుకున్నాడు, జెబాకు మళ్లీ నిఖా జరిపించాడు.