వంటింటి గూట్లో నాలుగో బొట్టు

మా మ్యూజియం దొరకి రోము పాత ఇళ్లంటే పిచ్చి. అక్కడ వంటగది గోడల్లో చిన్న గూళ్లు ఉండేవట. దేవుడి బొమ్మ పోయినా దీపం మసి మిగిలితే చాలు, ఆ ఇంట్లో రోజూ పూజ జరిగేదని చెప్పెయ్యొచ్చట. అలాంటి గూళ్లు ఇక్కడ మలయాలో మా రబ్బరు తోట కూలి లైన్ల ఇళ్లలోనూ ఉన్నాయని నేనే నోరు జారాను. పడగొట్టేలోగా గీసుకు రమ్మన్నాడు.

అది 1957 ఆగస్టు. ఏడేళ్ల కిందట, కమ్యూనిస్టు గెరిల్లాల మీద పెట్టిన ఎమర్జెన్సీలో, సైన్యం ఒక్క పూటలో ఆ లైన్లు ఖాళీ చేయించి మమ్మల్ని ముళ్లకంచె వేసిన కొత్త ఊళ్లోకి తరలించింది. ఇపో పట్నంలో నా భార్య పుష్పవల్లి నిండు నెలలతో ఉంది. ఇద్దరు కడుపులోనే పోయాక నిలిచిన బిడ్డ. నాకు కదలబుద్ధి కాలేదు. పాత ఇల్లు ఒకసారి చూసుకుంటానని అమ్మ కూడా వచ్చింది.

మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. మా వంటింటికి కిటికీ లేదు. టార్చి వేశాను. గబ్బిలాల కంపు, దాని అడుగున తడి సున్నం వాసన.

గూట్లో పసుపు పూత, దాని మీద కుంకుమ బొట్లు. బతికున్న మనిషికో బొట్టు పెట్టడం మా ఇంటి ఆచారం. ఎవరైనా పోతే ఇంటి పెద్దావిడ ఆ బొట్టు మీద సున్నం పూస్తుంది. గాజులతోనే పోయిన నాయనమ్మది, తాతది, నాన్నది మూడు తెల్ల మచ్చలు. మిగలాల్సినవి రెండే, అమ్మది, నాది; నా పెళ్లి ఆ ఇల్లు వదిలాకే.

ఎర్రగా నాలుగున్నాయి. నాలుగోది చిన్నది.

"మనమెల్లిపోయినాక ఎవులెట్టినారమ్మా?"

అమ్మ గొంతు తగ్గించింది. "మీ నాయనమ్మే ఎట్టేది. ముట్టుకోకు, పోదాం రా."

దొర దగ్గర నేర్చిన బుద్ధి ఊరుకోనిస్తేగా. పాత రంగైతే ఊడదు, కొత్తదైతే అంటుతుంది. చిన్న బొట్టును బొటనవేలితో రుద్దాను. అంటింది... మొత్తం వేలికే వచ్చేసింది.

"ఏటి సేసినావురా..."

చెరిగిన చోట గోడ చెమ్మగిల్లింది. లోపలినుంచి తెల్లగా సున్నం ఊరింది. సరిగ్గా బొట్టంత. వెనక గాజుల చప్పుడు... నాన్న పోయినప్పటి నుంచి అమ్మ చేతులకి గాజులు లేవు.

పరుగున ఇపో చేరేసరికి పుష్పవల్లి ప్రసవించింది. ఆడపిల్ల. ఏడుస్తోంది, బతికే ఉంది. ఆసుపత్రి వరండాలో కూలబడి నేనూ ఏడ్చేశాను.

అమ్మ మాత్రం బిడ్డని ఎత్తుకోలేదు. బిడ్డ నుదుట బొటనవేలంత తెల్ల మచ్చ. పుట్టుమచ్చే, కడిగితే పోదంది నర్సు.

పది రోజులుగా అమ్మ ఆ మచ్చ మీద పూటపూటా కుంకుమ పెడుతోంది. నిలవడం లేదు. తెల్లారేసరికి మచ్చ మళ్లీ తెల్లగా, తడిగా ఉంటోంది.

మా ఇంట్లో సున్నం లేదు.